మెల్‌బోర్న్ నుంచి, నువ్వు దిగే ముందు

రేయ్ మామా,

వీసా ఫీజు 2000 డాలర్లు అని నువ్వేడ్చిన ఏడుపు ఇంకా నా చెవుల్లోనే ఉంది, ఆ సంగతి వదిలెయ్. రూమ్ విషయం మాత్రం ఫోన్లో తేలేది కాదు, అందుకే ఇంత పొడుగు రాస్తున్నా, ఓపిగ్గా చదువు.

మీ బావ మెల్‌బోర్న్ శివార్లలోని టార్నీట్‌లో మనోళ్ల ఇంట్లో రూమ్ చూశాడన్నావుగా. మంచిదే, దిగిన రోజే పప్పన్నం దొరుకుద్ది, పక్కింట్లో మనోళ్లే, ఎదురింట్లో మనోళ్లే. ఒక నెల ఉండు. కానీ చదువైపోయేదాకా అక్కడే ఉంటే మాత్రం కూకట్‌పల్లిలో ఉంటూ డాలర్లలో అద్దె కట్టినట్టే. ఇంకోటి, కొన్ని ఇళ్లల్లో మీదే ఊరు అని మొదలెట్టి మెల్లగా ఇంటిపేరు దాకా వస్తారు, ఎందుకడుగుతున్నారో నీకు తెలుసు నాకు తెలుసు. సముద్రాలు దాటొచ్చినా ఆ జబ్బు మాత్రం పోలేదు మనోళ్లకి.

నేనుండేది ఫుట్‌స్క్రే, ట్రైనెక్కితే కాసేపట్లో సిటీ. ఒకప్పుడు ఇటలీ, గ్రీసు వాళ్లుండేవాళ్లంట, 1975 తర్వాత యుద్ధం నుంచి పారిపోయొచ్చిన వియత్నాం వాళ్లు ఇక్కడ బజారు నిలబెట్టుకున్నారు, ఆ తర్వాత ఇథియోపియా వాళ్లొచ్చారు. పొద్దున బాన్ మీ అని వియత్నాం శాండ్‌విచ్, మధ్యాహ్నం ఫో అని వాళ్ల నూడుల్స్ సూప్, సాయంత్రం ఇంజెరా, అన్నీ నడిచెళ్లే దూరంలోనే. ఇంజెరా అంటే టెఫ్ అని చిరుధాన్యం ఒకటుంది, దాని పిండి పులియబెట్టి ఒకవైపే కాలుస్తారు, పళ్లెమంత వెడల్పు ఉంటది, కూరలన్నీ దాని మీదే పోసి అందరూ చుట్టూ కూర్చుని చేత్తో తింటారు. స్పూన్ అడిగినోణ్ణే వింతగా చూస్తారక్కడ. నీకు బాగా నచ్చుద్ది.

మా ఇంట్లో ఒక నేపాలీ, ఒక కొలంబియా అమ్మాయి, ఒక కెన్యా వాడు. కెన్యా వాడు చపాతీ మా దేశపు వంటే అంటాడు, మొదట్లో నేనూ నేపాలీ పడీపడీ నవ్వాం, తీరా చూస్తే బ్రిటిష్ వాళ్ల కాలంలో రైల్వే పనికెళ్లిన ఇండియా వాళ్లతో అక్కడికి చేరిన అలవాటంట. వాడి చపాతీ మెత్తగా, పొరలు పొరలుగా ఉంటది, మా అమ్మకి చెప్పకు గానీ ఇంట్లో దానికంటే బాగుంటది. ఫ్రిజ్‌లో అరల కోసం కొట్టుకోవడం, బాత్రూం క్లీనింగ్ ఎవరి వంతనే గొడవ, అవన్నీ షరా మామూలే.

అసలు విషయం గోంగూర. మన షాపుల్లో ఫ్రోజెన్ దొరుకుద్ది, దానికి పులుపే ఉండదు. గిడ్డంగిలో నాతో పనిచేసే కరెన్ తెగ ఆంటీ ఒకామె ఉంది, బర్మా నుంచి శరణార్థిగా వచ్చినామె, ఇక్కడి శివార్లలో వెరిబీ అనే చోట వాళ్లవాళ్లు చాలామందే ఉన్నారు. బ్రేక్‌లో ఆమె డబ్బా తెరిస్తే వాసనకే నాకు గుంటూరు కనబడింది! వాళ్లూ గోంగూర తింటారు మామా, వెదురు చిగుళ్లు, రొయ్యలు వేసి వేయిస్తారు. ఎండాకాలంలో పెరట్లో పెంచుద్ది, ఇప్పుడు సీజనొస్తే నాకొక కట్ట గ్యారంటీ. నేను పచ్చడి చేసి ఇస్తే కారం తక్కువైందంది, గుంటూరోణ్ణి పట్టుకుని!

పని సంగతి. క్లాసులు జరిగేటప్పుడు రెండు వారాలకి 48 గంటలే, సెమిస్టర్ సెలవుల్లో లిమిట్ లేదు. క్యాజువల్, అంటే పర్మనెంట్ కాకుండా పిలిచినప్పుడు వెళ్లే పని అయితే గంట రేటు 25 శాతం ఎక్కువ, కానీ జ్వరమొచ్చి పడుకుంటే పైసా రాదు. క్యాష్ ఇస్తాం, పేస్లిప్ అడగొద్దు అనేవాళ్ల జోలికి పోకు, వాళ్లల్లో మనోళ్లూ ఉన్నారు, అదే బాధ. అలాంటి చోట డబ్బులెగ్గొడితే ఫెయిర్ వర్క్ ఆంబుడ్స్‌మన్ అని పనోళ్ల ఫిర్యాదులు చూసే గవర్నమెంట్ ఆఫీసుంది, అక్కడికెళ్లొచ్చు, స్టూడెంట్ వీసా అని భయపడక్కర్లేదు.

జులైలో దిగుతున్నావు, ఇక్కడప్పుడు చలికాలం, మంచు పడదు గానీ ఇళ్లల్లోకి గాలి దూరుద్ది, హీటర్ వేస్తే బిల్లు వాచిపోద్ది. మంచి దుప్పటి తెచ్చుకో. ఆవకాయ తెస్తే దిగేటప్పుడు నింపే ప్యాసింజర్ కార్డులో డిక్లేర్ చెయ్, దాస్తే ఫైన్ గట్టిగా ఉంటది. పాలకోవా, పూతరేకులు అసలొద్దు, ఇండియా నుంచి పాలు, నెయ్యి ఐటమ్స్ అంటే తీసి పారేస్తారు. ఆ బరువుకి బదులు నాకొక కేజీ గుంటూరు కారం ప్యాక్ చేయించి తీసుకురా, సీల్ వేసింది, లేబులున్నది. ఆంటీకి సమాధానం చెప్పాలి.

ఉంటా మరి, టికెట్ బుక్కవగానే మెసేజ్ పెట్టు.