సెన్సర్‌లో చిక్కిన గాలి

సంపాదకులకు,

అనంతపురం చీనీ (బత్తాయి) తోటల్లో డ్రిప్‌కు బిగించే ఆటోమేటిక్ పెట్టెల్లోని ప్రెజర్ సెన్సర్ల గురించి ఈ ఉత్తరం. మోటారు మారదు, నీళ్లు మారవు. అయినా పొద్దున కిలో (చదరపు సెం.మీ.కు కిలో, అంటే దాదాపు ఒక బార్) చూపించిన ప్రెజర్ మధ్యాహ్నానికి 0.86కు పడిపోతుంది. అందరూ ముందు ఫిల్టర్ విప్పి కడుగుతారు. చాలాసార్లు తప్పు ప్రెజర్ కొలిచే కెపాసిటివ్ సెన్సర్ తయారీలోనే ఉంటుంది.

ఎదురెదురుగా రెండు పలకలు, మధ్యలో సన్నని సందు, ఇదే ఆ సెన్సర్. నీటి వైపున్న పలక ఒత్తిడికి వంగితే సందు తగ్గి కెపాసిటెన్స్ (పలకలు విద్యుత్ ఆవేశాన్ని పట్టి ఉంచే సామర్థ్యం) పెరుగుతుంది. 10 మి.మీ. వ్యాసం పలకలు, 20 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మి.మీ.లో వెయ్యో వంతు) సందు అయితే వచ్చే కెపాసిటెన్స్ 35 పికోఫారడ్లే. అంచులు బిగిసి ఉంటాయి కాబట్టి పలక పళ్లెంలా వంగుతుంది. నడుమ ఒక మైక్రాన్ దిగితే సగటున దిగేది మూడో వంతు, మారేది 0.6 పికోఫారడ్. మీటరు షీల్డు వైరుకే 100 పికోఫారడ్ల దాకా ఉంటుంది! అందుకే కొలిచే చిప్ సెన్సర్ వీపునే ఉండాలి, బయటికి 4–20 మిల్లీఆంప్ కరెంటు సిగ్నలే (సున్నా ప్రెజర్‌కు 4, పూర్తి ప్రెజర్‌కు 20) రావాలి.

ఇక గాలి సంగతి. సందులో మామూలు గాలిని 20 డిగ్రీల దగ్గర మూసి సీలు వేస్తే, ఎండకు పెట్టె 60 డిగ్రీలకు చేరేసరికి ఆ గాలి ఒత్తిడి 0.14 బార్ పెరిగి పలకను వెనక్కి నెడుతుంది. ఐదు బార్ల లైనులో ఇది పెద్ద లెక్క కాదు, కిలో ప్రెజర్ డ్రిప్‌లో మాత్రం ఏడో వంతు. వెనక గాలి రంధ్రం పెడితే సరిపోతుంది, కానీ దానికి నీళ్లు ఆపే పొర ఉండాలి. నీటి పర్మిటివిటీ, అంటే సందులో ఉండి కెపాసిటెన్స్‌ను పెంచే గుణం, గాలికి దాదాపు 80 రెట్లు. సందులోకి చెమ్మ దిగితే రీడింగ్ ఎటు పోతుందో చెప్పలేం. మా మాట అడిగితే డ్రిప్‌కు వాక్యూమ్ సీలు వేసినదే, అంటే సందులో గాలి తీసేసి మూసినదే మేలు. దాని రీడింగ్‌లోంచి వాతావరణ పీడనాన్ని ఒకసారి తీసేస్తే చాలు, రోజువారీ తేడా డ్రిప్‌కు లెక్కలోది కాదు. పలక అంచున, వంగని చోట, రెండో ఎలక్ట్రోడ్ ఉంటే ఇంకా మంచిది. రెండింటి నిష్పత్తి తీస్తే వేడి వల్ల వచ్చే తేడా చాలావరకు పోతుంది.

బిగించేటప్పుడు సెన్సర్‌ను పైపు పక్కనుంచి తొడగాలి. అడుగున ఇసుక, పైన గాలి చేరతాయి.

కొనే ముందు నీటి వైపు గాలికి తెరిచి పొద్దున ఆరింటికి, మధ్యాహ్నం రెండింటికి ఎండలో చూడండి. రెండుసార్లూ సున్నా రావాలి. కొన్ని డిస్‌ప్లేలు మైనస్‌ను దాచి సున్నాగానే చూపిస్తాయి, అందుకని మిల్లీఆంప్ మీటరుతో చూడాలి: 4 కంటే కిందికి జారితే ఆ సెన్సర్ వద్దు.

– ఇన్‌స్ట్రుమెంటేషన్ టెక్నీషియన్లు, అనంతపురం