పాప ఊపిరి లెక్కపెట్టడం గురించి చెల్లికి

చిరంజీవి సౌభాగ్యవతి చెల్లికి అక్క ఆశీస్సులు.

ఇక్కడ మేమంతా క్షేమం. పాపకు జ్వరం తగ్గిందని విన్నాక మనసు కుదుటపడింది. నిన్న ఫోనులో నీ గొంతు వణుకుతుంటే ఏదీ సరిగ్గా చెప్పలేకపోయాను కనుక, మళ్లీ ఎప్పుడైనా జ్వరం వస్తే అర్ధరాత్రి వేళైనా తీసి చూసుకునేలా ఈ ఉత్తరం రాస్తున్నాను.

మాట్లాడినంతసేపూ నువ్వు థర్మామీటరు అంకెనే చెప్పావు. మూడు నెలలు నిండని పసికందుకైతే ఆ అంకే ప్రధానం. 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ చేరితే చాలు, బిడ్డ హుషారుగా కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పది నెలల మన పాప విషయంలో మాత్రం అంకె కన్నా పాపనే ఎక్కువగా చూడాలి. 102 ఉన్నా ఆడుకుంటూ పాలు తాగే బిడ్డ కన్నా, 100 దగ్గరే ఉండి పాలు ముట్టకుండా మగతగా పడి ఉన్న బిడ్డను చూసే ఎక్కువ భయపడాలి.

నాకిది మా బాబు వల్ల తెలిసింది. వాడికి అప్పుడు ఏడాదిన్నర. జలుబు చేసి మూడు రోజులైంది, ఒళ్లు కాస్త వెచ్చగా ఉంది, అంతే కదా అని మధ్యాహ్నమంతా ఊరుకున్నాను. రాత్రి చొక్కా మారుస్తుంటే, ఊపిరి పీల్చిన ప్రతిసారీ పక్కటెముకల కింద గుంట పడడం కనిపించింది. డొక్కలెగరేయడం అంటే అదే. గడియారం ముందు పెట్టుకుని నిండు నిమిషం లెక్కపెడితే 56 వచ్చింది. న్యుమోనియా అని తేలింది. వైద్యం అంది కోలుకున్నాడు గానీ, ఆ మధ్యాహ్నం తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

అందుకే ఈ లెక్క గుర్తుంచుకో. పాప ఏడవకుండా నెమ్మదిగా ఉన్నప్పుడు, నిమిషానికి ఊపిరి 50కి చేరినా, దాటినా ఆలస్యం చేయకు. ఏడాది నిండాక ఆ హద్దు 40. డొక్కలెగరేస్తుంటే మాత్రం లెక్కతో పని లేదు, బయలుదేరడమే.

పారాసిటమాల్ మోతాదు వయసును బట్టి కాదు, బరువును బట్టి డాక్టరు చేత రాయించుకో. అది ఒంటి వేడిని, బాధను తగ్గిస్తుందే తప్ప అసలు జబ్బును నయం చేయదు కనుక, హాయిగా నిద్రపోతున్న పాపను మందు కోసం లేపనక్కర్లేదు. ఆస్పిరిన్ మాత్రం పొరపాటున కూడా వేయకు. ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టు, నోట్లో ఏమీ పెట్టకు, టైము చూసుకో. ఐదు నిమిషాలు దాటినా ఆగకపోతే అత్యవసర సాయం పిలవాలి. ముందే ఆగినా, మొదటిసారి వస్తే ఆ రోజే డాక్టరుకు చూపించాలి.

విరేచనాలైతే పాలు ఆపవద్దు. ఓఆర్‌ఎస్ ప్యాకెట్టు మీద ఎన్ని నీళ్లని రాసి ఉంటే అన్ని నీళ్లలో మొత్తం పొడి కలుపు. సగం పొడి, సగం నీళ్లు అని అంచనా వేయకు, ఉప్పు పాళ్లు తప్పితే కీడు చేస్తుంది. చెంచాతో కొద్దికొద్దిగా పట్టు. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి, ఇంకా నెమ్మదిగా మళ్లీ మొదలుపెట్టు. ఏడ్చినా కన్నీళ్లు రాకపోవడం, మాడు లోపలికి దిగడం, గంటల తరబడి డైపరు పొడిగానే ఉండడం, మలంలో రక్తం కనిపించడం, వీటిలో ఏ ఒక్కటి చూసినా ఇంట్లో ఉండకండి. ఈ మాట మరిదిగారికి కూడా చదివి వినిపించు.

ఈ రాత్రి పాప నిద్రపోయాక, ఒంట్లో బాగున్నప్పుడే ఒకసారి ఊపిరి లెక్కపెట్టి చూసి, ఎంత వచ్చిందో నాకు రాయి.

ఇట్లు,
నీ అక్క