చంకల వాసనకు ఏ ఆపరేషన్?

సంపాదకులకు,

"ఒక్క ఆపరేషన్‌తో చెమట వాసనకు శాశ్వత విముక్తి" అనే తరహా ప్రకటనలు ఇటీవల పత్రికల్లోనూ ఫోన్లలోనూ తరచుగా కనిపిస్తున్నందున, చర్మవ్యాధుల వైద్యురాలిగా కొన్ని విషయాలు పాఠకుల ముందుంచుతున్నాను. ఈ సమస్య ఉన్నవారు ఎవరితోనూ చెప్పుకోలేరు. కిక్కిరిసిన బస్సులో పైకడ్డీ పట్టుకోవడానికి కూడా చెయ్యెత్తని పిల్లలను నేను చూస్తుంటాను. అంత బాధలో ఉన్నవారికి సగం నిజం చెప్పి కోతకు ఒప్పించడం అన్యాయం.

చెమటకు స్వతహాగా వాసన ఉండదు. చంకల్లో చర్మం అడుగున, కొవ్వు పొరను ఆనుకుని ఉండే అపోక్రైన్ గ్రంథులు యుక్తవయసులో పనిచేయడం మొదలుపెడతాయి. వాటి స్రావాన్ని చర్మం మీది బాక్టీరియా విడగొట్టినప్పుడే ఆ ఘాటు పుడుతుంది. ఒంటిని చల్లబరిచే చెమట వేరే గ్రంథులది. ఈ తేడా చెప్పకుండా, ఛాతీలో ఉండి చెమట గ్రంథులను పనిచేయించే సింపథెటిక్ నరాన్ని కత్తిరించే ఆపరేషన్‌ను వాసనకు చికిత్సగా చూపడం నాకు తీవ్ర అభ్యంతరం. అది ప్రధానంగా అరచేతులకు విపరీతంగా చెమట పట్టేవారికి చేసేది. దాని తర్వాత చాలామందికి వీపు, పొట్ట, తొడల మీద చెమట పెరుగుతుంది, తెగిన నరం మునుపటిలా అవుతుందన్న భరోసా లేదు.

వాసన మీద సూటిగా పనిచేసేది ఆ గ్రంథులనే తొలగించే శస్త్రచికిత్స. జన్యుపరంగా ఈ వాసన లేనివారే ఎక్కువగా ఉన్న జపాన్‌లో, ఉన్నవారు పడే ఇబ్బంది వల్ల ఇది బాగా వాడుకలోకి వచ్చింది. చంక మడతలో నాలుగైదు సెంటీమీటర్ల గాటు పెట్టి, చర్మాన్ని తిరగేసి, లోపలివైపు అంటుకున్న గ్రంథులను కత్తెరతో తీసేస్తారు. చర్మం మళ్లీ అతుక్కునేలా గాజుగుడ్డను ఒత్తుగా పెట్టి కుట్లతో బిగించి, కొన్ని రోజులు భుజాలు కదపనివ్వరు. ఆ కట్టు వదులైతే లోపల రక్తం చేరవచ్చు. చర్మం నల్లబడి చచ్చిపోవడం, మచ్చ బిగుసుకుని చెయ్యెత్తడం కష్టం కావడం కూడా ఉన్నాయి. చిన్న రంధ్రం గుండా గొట్టంతో పీల్చి, గీకే పద్ధతిలో మచ్చ చిన్నదే గానీ, గ్రంథులు మిగిలి వాసన తిరిగివచ్చే అవకాశం ఎక్కువ. చెమట గ్రంథులకు అందే నరాల సంకేతాలను ఆపే బోటులినమ్ ఇంజెక్షన్ అసలు శస్త్రచికిత్సే కాదు. దాని ప్రభావం కొన్ని నెలలే.

వెంట్రుకలు తీసేయడం, బాక్టీరియాను తగ్గించే బెంజాయిల్ పెరాక్సైడ్‌తో కడగడం, రాత్రిపూట చెమటను తగ్గించే అల్యూమినియం క్లోరైడ్ రాయడం వంటివి ముందు శ్రద్ధగా చేసి చూడాలి. మన ఇళ్లలో పెద్దవాళ్లు వాడే పటిక కూడా కొట్టిపారేయదగినది కాదు.

అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. ఇతరులెవరికీ తెలియని వాసన తన ఒంటి నుంచి వస్తోందని గట్టిగా నమ్మేవారు ఉంటారు. వారికి కావలసింది మానసిక వైద్యుడి సాయం, కోత కాదు. చంకలో కొద్దిసేపు గాజుగుడ్డ ఉంచి, వైద్యుడు స్వయంగా వాసన చూసే సులువైన పరీక్ష ఉంది. అది కూడా చేయకుండా ఆపరేషన్ తేదీ ఇచ్చే చోట సంతకం పెట్టవద్దని పాఠకులను, దుష్ప్రభావాలు పేర్కొనని ఇటువంటి ప్రకటనలను తీసుకోవద్దని తమరిని కోరుతున్నాను.

- ఒక చర్మవ్యాధుల వైద్యురాలు, గుంటూరు