రూపాయి కోలుకున్నా ధర ఎందుకు దిగదు?

చెన్నై

ప్రియమైన మాధవ్‌కు,

నీ ఉత్తరంలోని కోపం న్యాయమైనదే. రూపాయి పడగానే ధర పెంచే విదేశీ కంపెనీలు, అది కోలుకున్నప్పుడు ఎందుకు దించవని అడిగావు. శ్రీపెరుంబుదూరు ఫ్యాక్టరీలకు దిగుమతి విడిభాగాల కొటేషన్లు వేయడమే నా ఉద్యోగం కాబట్టి కాస్త విస్తరంగానే రాస్తున్నాను.

ధరను నిర్ణయించేది మారకపు రేటు ఒక్కటే కాదు, సరుకు అమ్ముడయ్యే దేశంలో కొనేవాడు ఎంతవరకు ఇచ్చుకోగలడన్నది కూడా. 1980ల తొలి సగంలో డాలరు బాగా బలపడినా, అమెరికాలో జర్మన్ కార్ల ధరలు ఆ మేరకు తగ్గలేదు. ఈ ధోరణిని అమెరికా ఆర్థికవేత్త పాల్ క్రుగ్‌మన్ 1987లో విశ్లేషించారు. ఒక్కోసారి కంపెనీలు నష్టాన్నీ ఓర్చుకుంటాయి, కాకపోతే కొంతకాలమే: యెన్ నెలల తరబడి జారుతుంటే ఊరుకున్న ఆపిల్, 2022 జులైలో జపాన్‌లో ఐఫోన్ 13 ధరను 98,800 యెన్ల నుంచి ఒక్కసారిగా 1,17,800కు పెంచింది.

ఇక మా వ్యవహారం చూడు. డాలరుకు 80 రూపాయలు ఆధార రేటు అనుకుందాం. అటూ ఇటూ మూడు శాతం దాటితే తర్వాతి త్రైమాసికం నుంచి ధర సవరించాలని ఒప్పందంలో రాసుకుంటారు. రేటు 82 అయితే అమ్మేవాడు పళ్లు బిగపట్టి భరించాల్సిందే. 83 అయిన రోజున కాగితాలు పట్టుకుని అతను పరుగెత్తుతాడు, 77కు దిగితే కొనుగోలు విభాగంవాళ్లు అంతకన్నా వేగంగా ఫోన్ చేస్తారు. షాపులో కొనే మామూలు మనిషికి అలాంటి షరతు లేదు, అడిగే నాథుడూ లేడు. తగ్గింపు అతని దాకా రాకపోవడానికి, నా దృష్టిలో, అసలు కారణం ఇదే. ముందే ఫార్వర్డ్ కవర్ (తర్వాత కట్టాల్సిన డాలర్లకు రేటును బ్యాంకుతో ముందే ఖాయం చేసుకోవడం) తీసుకున్నాం కాబట్టి పాత రేటే తమకు పడిందని కంపెనీలు చెప్పే మాట సగం నిజం, సగం సాకు.

డాలరు పెత్తనం సరేసరి. మన దిగుమతుల్లో అమెరికా నుంచి వచ్చేవి సుమారు 5 శాతమే అయినా, 86 శాతానికి బిల్లు డాలర్లలోనే ఉంటుందని ఆర్థికవేత్త గీతా గోపీనాథ్ 2015లో లెక్క చూపారు. బంగ్లాదేశ్‌కు మిర్చి పంపుతూ నువ్వు చేసేదీ అదే కదా!

కోల్డ్ స్టోరేజీకి కొత్త కంప్రెసర్ కొంటానన్నావు. కొటేషన్ రూపాయల్లో ఇస్తే, ఏ రేటు మీద కట్టారో ముందు అడుగు; డెలివరీ నాటికి రేటు దిగితే ధర కూడా దిగాలన్న షరతును సంతకానికి ముందే రాయించుకో.

నీ
రఘు