మన కాలనీ సంఘం 2024–25 వార్షిక నివేదిక: వీడియో శిక్షణ, హుద్‌హుద్ జ్ఞాపకాల సేకరణ

గౌరవనీయులైన సభ్యులకు నమస్కారం.

ఏటా జరిగే కార్యక్రమాలు ఈ ఏడాదీ జరిగాయి. వానలకు ముందు కాలువల పూడికతీత, రక్తదాన శిబిరం, కార్తిక వనభోజనాలు, సంక్రాంతి ముగ్గుల పోటీ అన్నీ మీ సహకారంతో సాఫీగా పూర్తయ్యాయి. జమాఖర్చుల పట్టికను కోశాధికారి విడిగా అందజేస్తారు. అందుచేత ఈ నివేదికలో ఎక్కువ చోటు కొత్తగా చేపట్టిన ఒక్క పనికే కేటాయిస్తున్నాను.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటింది. గంటకు సుమారు 180 కిలోమీటర్ల గాలి. వీధుల్లో చెట్లు కూకటివేళ్లతో లేచాయి, విమానాశ్రయం పైకప్పు చెదిరిపోయింది, కరెంటూ ఫోన్లూ రోజుల తరబడి లేవు. 2024 అక్టోబరుకు దానికి పదేళ్లు నిండాయి. ఆ చీకటి రోజుల్లో ఎవరు ఎవరికి అన్నం పెట్టారో, మంచినీళ్లు ఎక్కడి నుంచి మోసుకొచ్చారో చెప్పగల పెద్దలు ఇంకా మన మధ్య ఉన్నారు. వారి మాటలను వారి గొంతులోనే భద్రపరచాలని సర్వసభ్య సమావేశం తీర్మానించింది. అందుకు సిద్ధపడటానికి ఆదివారం సాయంత్రాల్లో వీడియో తరగతులు పెట్టుకున్నాం. కాలేజీ పిల్లలతో పాటు గృహిణులు, ఉద్యోగ విరమణ చేసినవారు కూడా వచ్చి నేర్చుకోవడం చాలా సంతోషం కలిగించింది.

ఉన్న నిధులతో కెమెరా కొనాలా, మైకులు కొనాలా అన్న చర్చ కార్యవర్గంలో గట్టిగానే సాగింది. చివరకు కాలర్ మైకులు, హెడ్‌ఫోన్లు, రెండు ట్రైపాడ్లు కొన్నాం. ఇది సరైన నిర్ణయమని నా దృఢమైన అభిప్రాయం. 1920×1080 పిక్సెళ్ల బొమ్మ తీయగల ఫోను దాదాపు ప్రతి ఇంట్లో ఉంది, మన అవసరానికి అది చాలు. బొమ్మ కాస్త మసకగా ఉన్నా చూసేవారు ఓర్చుకుంటారు. మాట వినబడకపోతే మాత్రం రెండు నిమిషాలు కూడా కూర్చోరు. పైగా ఇక్కడ మనం దాచుకోవాలనుకున్నదే మాట.

గొంతుకూ మైకుకూ మధ్య దూరం రెట్టింపైతే శబ్దం సుమారు 6 డెసిబెల్స్ పడిపోతుంది. గదిలోని ఫ్యాను హోరు, పక్కింటి మిక్సీ చప్పుడు మాత్రం అలాగే ఉంటాయి. అందుకే దూరంగా పెట్టిన ఫోనులో మాట వెనక్కి పోయి హోరు ముందుకు వస్తుంది. మైకును గడ్డానికి జానెడు కింద, చీర కొంగూ నగలూ రాసుకోని చోట పెట్టాలి. శబ్దం స్థాయి చూపే గీత మాటల ఉధృతిలో మైనస్ 12కీ మైనస్ 6 డెసిబెల్స్‌కీ మధ్య ఆడేలా సర్దుకోవాలి. సున్నా తాకి పగిలిన శబ్దాన్ని తరువాత పూర్తిగా బాగుచేయడం సాధ్యం కాదు. రికార్డింగ్ జరుగుతున్నంతసేపూ ఒకరు హెడ్‌ఫోన్లు పెట్టుకుని వింటూనే ఉండాలి. మన బృందంలో ఈ పనిని అందరికంటే శ్రద్ధగా చేసింది ఇంటర్ చదివే అమ్మాయిలు.

ఫ్యాను విషయం ప్రత్యేకంగా చెప్పాలి. విశాఖ ఉక్కపోతలో ఫ్యాను ఆపి ఎనభై ఏళ్ల పెద్దావిడను కూర్చోబెట్టడం న్యాయం కాదు. అందుకే ఇళ్లలో జరపవలసిన సంభాషణలను డిసెంబరు, జనవరి ఉదయాలకు పెట్టుకున్నాం. ఖాళీ గోడలు మాటను తిప్పికొడతాయి కనుక పరుపులు, దుప్పట్లు, తెరలు ఉన్న గదిని ఎంచుకున్నాం. ప్రతి ఇంట్లోనూ తిరిగి బయలుదేరే ముందు అర నిమిషం అందరూ మౌనంగా ఉండి ఆ గది నిశ్శబ్దాన్ని రికార్డు చేశాం. ఎడిటింగ్‌లో మాటకూ మాటకూ మధ్య వచ్చే ఖాళీని అదే పూడుస్తుంది. బీచ్ రోడ్డులో, ఫిషింగ్ హార్బర్‌లో గాలికి మైకుపై ఉండే స్పాంజి సరిపోదు, బొచ్చు తొడుగు వేయవలసిందే.

కెమెరా గురించి తరగతిలో ఎక్కువమంది అడిగిన ప్రశ్న ట్యూబులైటు కింద తెరపై పాకే చారల గురించి. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్, దానితో నడిచే చాలా దీపాలు సెకనుకు 100 సార్లు హెచ్చుతగ్గులవుతాయి. ఫోన్లు సాధారణంగా సెకనుకు 30 ఫ్రేములు తీస్తాయి, ఆ లెక్కకు ఈ దీపాలతో పొత్తు కుదరదు. 25 ఫ్రేములు, సెకనులో 50వ వంతు షట్టరు పెట్టుకుంటే చారలు చాలావరకు పోతాయి. వైట్ బ్యాలెన్స్‌ను (రంగుల సర్దుబాటు), ఎక్స్‌పోజర్‌ను (వెలుతురు సర్దుబాటు) వాటంతటవే మారకుండా లాక్ చేయాలి. మాట్లాడేవారిని కిటికీకి వీపు పెట్టి కూర్చోబెడితే ముఖం నల్లబడుతుంది, కిటికీ పక్కగా కూర్చోబెడితే ఆ వెలుతురే చాలు. వెలుతురు రంగును కెల్విన్లలో కొలుస్తారు: పగటి వెలుతురు సుమారు 5600 కెల్విన్, పసుపు బల్బు సుమారు 2700. రెండూ కలిస్తే ముఖం ఒకవైపు నీలంగా, ఇంకోవైపు పసుపుగా కనిపిస్తుంది కనుక బల్బు ఆపేయడం మేలు. కళ్లు ఫ్రేములో పై మూడో వంతు గీత దగ్గర ఉండాలి, చూసే వైపు కొంత ఖాళీ వదలాలి.

డ్రోన్ వాడమని కొందరు సూచించారు. తూర్పు నౌకాదళ కేంద్రం ఉన్న నగరం మనది, అనుమతి లేకుండా ఎగరవేయడం నేరం. ఆ ఆలోచన విరమించాం.

ఎడిటింగ్ తరగతుల్లో ముందు కత్తెర ముట్టుకోనివ్వలేదు. మొత్తం విని, కాగితం మీద రాసుకుని, ఏ మాట ఉండాలో నిర్ణయించాకే కంప్యూటర్ ముందు కూర్చోవాలన్నాం. ఆ తరువాత ఎల్ కట్, జె కట్ నేర్పాం. ఎల్ కట్‌లో బొమ్మ మారినా పాత మాట కొనసాగుతుంది. జె కట్‌లో రాబోయే దృశ్యం శబ్దం ముందే వినిపిస్తుంది. పెద్దాయన తన వీధిలో కూలిన వేపచెట్టు గురించి చెబుతుండగా అప్పటి ఫోటో తెరపైకి రావడం ఎల్ కట్ వల్లే కుదిరింది.

సుమారు వందేళ్ల కిందట సోవియట్ దర్శకుడు లెవ్ కులెషోవ్ ఒకే నటుడి ముఖాన్ని సూపు గిన్నె పక్కన, శవపేటిక పక్కన, ఒక స్త్రీ పక్కన అతికించి చూపించారు. ముఖం మారలేదు, చూసేవారికి మాత్రం ఒకచోట ఆకలి, ఒకచోట దుఃఖం, ఒకచోట కోరిక కనిపించాయని చెబుతారు. కత్తిరింపుకు అంత బలం ఉంది. పెద్దల మాటకు మనం కొత్త అర్థం అంటగట్టే ప్రమాదమూ అక్కడే ఉంది. అందుకని కార్యవర్గం రెండు నియమాలు పెట్టింది. ఎడిట్ చేసిన వీడియోను మాట్లాడినవారికి చూపించి, వారు ఒప్పుకున్నాకే ప్రదర్శించాలి. ఉత్తరాంధ్ర యాసను ఎక్కడా సవరించకూడదు, కత్తిరించకూడదు.

అసలు ఫైళ్లను మూడు ప్రతులుగా, రెండు రకాల సాధనాల్లో, ఒక ప్రతి వేరే ఇంట్లో ఉండేలా దాచాం. సముద్రపు తేమకు లెన్సులు బూజు పడతాయి కనుక సామగ్రిని సిలికా జెల్ పొట్లాలతో బిగుతైన డబ్బాల్లో ఉంచుతున్నాం.

వచ్చే ఏడాది మత్స్యకారులు ఉండే జాలారిపేట పెద్దల మాటలు రికార్డు చేయాలని, వినికిడి తగ్గినవారి కోసం అన్ని వీడియోలకూ తెలుగు ఉపశీర్షికలు చేర్చాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. రెండింటికీ సర్వసభ్య సమావేశం ఆమోదం కావాలి. హుద్‌హుద్ నాటి ఫోటోలు, పాత ఫోన్లలోని వీడియోలు మీ దగ్గర ఉంటే సంఘం కార్యాలయానికి తీసుకురండి. ప్రతి చేసుకుని అప్పటికప్పుడే తిరిగి ఇస్తాం.

భవదీయుడు,
కార్యదర్శి