సొంత కాలేజీ మ్యాచ్‌లో పక్షపాతంగా కామెంటరీ చెప్పడంపై ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ విభాగం వారికి,

నమస్కారం. మాది తెనాలి. పన్నెండేళ్లుగా డెట్రాయిట్ పక్కన ఉంటున్నాం. మీ స్పోర్ట్స్ చానల్‌కి నెలనెలా డబ్బు కడుతున్నాను. మొన్న శనివారం మీరు చూపించిన కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ గురించి రాస్తున్నాను. అందులో ఒకటి మా అమ్మాయి చదివే యూనివర్సిటీ జట్టు.

రెండో క్వార్టర్‌లో మా డిఫెండర్ చెయ్యి అవతలి రిసీవర్ (విసిరిన బంతిని పట్టుకునే ఆటగాడు) భుజానికి తగిలింది. రిఫరీ పాస్ ఇంటర్‌ఫియరెన్స్ (బంతి పట్టుకోబోయేవాణ్ని అడ్డుకున్న ఫౌల్) ఇచ్చారు. ఇవ్వాల్సిందే, ఒప్పుకుంటాను. మీరు దాన్ని మూడుసార్లు రీప్లే వేశారు, కామెంటేటర్ ప్రతిసారీ తప్పు ఎక్కడుందో విడమరిచి చెప్పారు. నాలుగో క్వార్టర్‌లో బంతి ఇంకా గాల్లో ఉండగానే అవతలి డిఫెండర్ మావాడి జెర్సీ పట్టుకుని లాగాడు. రిఫరీ ఫౌల్ జెండా వెయ్యలేదు. ‘పిల్లల్ని ఆడనివ్వాలి’ అని ఊరుకున్నారు కామెంటేటర్. ఒక్క రీప్లే కూడా లేదు. కాలేజీ రూల్ ప్రకారం దానికి 15 గజాల దాకా పెనాల్టీ, పైగా కొత్త ఫస్ట్ డౌన్ (పది గజాలు ముందుకెళ్లడానికి మళ్లీ నాలుగు అవకాశాలు). చివర్లో అవతలి జట్టు గురించి ‘మనకి ఇంకొక్క ఫస్ట్ డౌన్ చాలు’ అన్నారు. ఆయన చదివింది ఆ అవతలి కాలేజీలోనే, ఆడింది దానికే అని మ్యాచ్ అయ్యాక మా అమ్మాయి చెప్తే తెలిసింది.

మా నాన్నగారు ఇండియా నుంచి వచ్చి ఉన్నారు. రేడియోలో క్రికెట్ కామెంటరీ విని పెరిగిన మనిషి. ఇంగ్లిష్ సగమే అర్థమవుతుంది, అయినా పావుగంటకే ‘ఈయన ఎర్ర జెర్సీల వాళ్ల మనిషా?’ అని అడిగారు. గొంతులోనే తెలిసిపోయింది ఆయనకి.

పాత ఆటగాళ్లు కామెంటరీ చెప్పకూడదని నేను అనడం లేదు. ఆట లోపలి సంగతులు వాళ్లకే తెలుస్తాయి. పేరున్న కామెంటేటర్ కిర్క్ హెర్బ్‌స్ట్రీట్ ఒకప్పుడు ఒహాయో స్టేట్ యూనివర్సిటీ జట్టుకి క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరే ముఖ్య ఆటగాడు) అని అందరికీ తెలుసు. 2020లో కోవిడ్ సమయంలో ఆయన ఒహాయో స్టేట్‌కి బద్ధ ప్రత్యర్థి అయిన మిషిగన్ జట్టు మీద నోరు జారారు, ఆ రాత్రే క్షమాపణ చెప్పారు. అంతకుముందు 2011లో, తమ జట్టు మీద విమర్శలు చేస్తున్నారని సొంత కాలేజీ అభిమానులే సతాయిస్తే, ఆ కాలేజీ ఉన్న కొలంబస్ ఊరు వదిలి నాష్‌విల్ వెళ్లిపోయారు. ఈ పని ఎంత కష్టమో నాకు తెలుసు.

కానీ నాలాంటి వాళ్లకి ఈ ఆట నేర్పింది మీ కామెంటేటర్లే. ఏది ఫౌలో, ఏది కాదో వాళ్లు చెప్తేనే నేర్చుకున్నాను. ఒకే తప్పుకి ఇద్దరికీ రెండు రకాలుగా తీర్పు చెప్తే నేను దేన్ని నమ్మాలి?

కామెంటేటర్ ఏ కాలేజీలో చదివారో మ్యాచ్ మొదట్లోనే తెరమీద వెయ్యండి. సొంత కాలేజీ మ్యాచ్‌ని ఒక్కరికే అప్పజెప్పకండి, పక్కన ఇంకొకరిని కూర్చోబెట్టండి. నాలుగో క్వార్టర్‌లో ఆ జెర్సీ లాగిన రీప్లే మీ దగ్గర ఉండే ఉంటుంది. దాన్ని ఒకసారి ఆ కామెంటేటర్‌కి చూపించి, ఆయన ఏమన్నారో నాకు రాయండి.

ఇట్లు,
మీ చందాదారుడు