పుట్టింటికి వెళ్లే గర్భిణి వెంట సిఫిలిస్ వైద్యం చీటీ కూడా వెళ్లాలి

సంపాదకులకు,

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ వైపు తెలుగిళ్ల కోడళ్లు చాలామంది ఏడో నెలలోనే పాతపట్నం, పార్వతీపురం వైపు పుట్టిళ్లకు కాన్పుకి వెళ్తారు. ఇక్కడ చేసిన సిఫిలిస్ పరీక్ష వివరం మాత్రం వెంట వెళ్లదు. కార్డు మీద ఒడియాలో ‘పాజిటివ్, మందిచ్చాం’ అని ఒక్క ముక్క ఉంటే కాన్పు చేసేవారికి చాలదు.

పెద్దవాళ్లు సవాయి అనే, లైంగికంగా అంటుకునే ఈ జబ్బు తల్లిలో పైకేమీ కనిపించకుండానే మాయ (ప్లాసెంటా) గుండా బిడ్డకు చేరుతుంది. బిడ్డ కడుపులోనే పోవచ్చు, నెలలు నిండకుండా పుట్టవచ్చు. పుట్టినప్పుడు బాగానే ఉండి, కొన్ని వారాలకు ముక్కు కారడం, అరచేతులు, అరికాళ్ల మీద పొక్కులు, కాలేయం ఉబ్బడం మొదలుకావచ్చు కూడా.

గర్భిణికి మందు ఒక్కటే, బెంజథీన్ పెనిసిలిన్. 24 లక్షల యూనిట్లు, ఒక్కో పిరుదులో 12 లక్షల చొప్పున కండలోకి వేయాలి. జబ్బు కొత్తదైతే ఒకసారి చాలు. ఎప్పటిదో తెలియకపోతే వారానికొకటి చొప్పున మూడు. రెండు సూదుల మధ్య 14 రోజులు దాటకూడదు. మొదటి సూది ఇక్కడ పడి, రెండోది అక్కడ ఎవరికీ తెలియక ఆగిపోయేది ఈ మధ్యలోనే. పెనిసిలిన్ పడక రియాక్షన్ వస్తుందన్న భయంతో అజిత్రోమైసిన్ మాత్రలు రాసేస్తే, అవి మాయను సరిగా దాటవు, బిడ్డకు వైద్యం అందనట్టే. రియాక్షన్ వస్తే వేసే అడ్రినలిన్ సూది చేతికందేలా పెట్టుకుని, సూది వేశాక అరగంట కూర్చోబెడితే సరిపోయే భయం అది.

కాన్పుకు కనీసం 30 రోజుల ముందే పెనిసిలిన్ పడిందని తేదీతో తేలకపోతే, తల్లికి వైద్యం జరగనట్టే డాక్టరు లెక్కకట్టాలి. అప్పుడు పసిబిడ్డకు 10 రోజులు ఆసుపత్రిలో పెనిసిలిన్, కిలోకు 50,000 యూనిట్లు, మొదటి 7 రోజులు 12 గంటలకోసారి, ఆ తర్వాత 8 గంటలకోసారి. ఒక తేదీ రాయనందుకు ఎంత శిక్ష!

ర్యాపిడ్ కిట్ ఫలితం ఒక్కటే రాస్తే లాభం లేదు. చికిత్స అయ్యాక కూడా అది సాధారణంగా జీవితాంతం పాజిటివ్‌గానే చూపుతుంది. ఆర్‌పీఆర్ అనే రక్తపరీక్ష టైటర్, అంటే రక్తాన్ని ఎన్ని రెట్లు పలచన చేసినా ఇంకా పాజిటివ్ వస్తుందో చెప్పే అంకె, కావాలి. తల్లిది 1:8 ఉండి, బిడ్డ నరం నుంచి తీసిన రక్తంలో 1:32 వస్తే జబ్బు సోకినట్టే. బొడ్డుతాడు రక్తంతో ఈ పోలిక పెట్టకూడదు.

కాబట్టి పరీక్ష తేదీ, టైటర్, ప్రతి సూది తేదీ, భర్తకు వైద్యం అయిందా లేదా అన్నవి ఒడియా అంకెల్లో కాకుండా 1, 2, 3 అంకెల్లో రాసివ్వాలి. కార్డు అత్తగారింట్లో అందరి చేతుల్లో తిరుగుతుంది కనుక, వీటిని మూసిన కవరులో మెడికల్ ఆఫీసరు పేర పంపడమే మేలు. సూరత్ మగ్గాల్లో పనిచేసే భర్తకు అక్కడే సూది పడేలా మరో చీటీ ఇవ్వాలి. లేదంటే ఊరొచ్చాక జబ్బు మళ్లీ అంటుకుంటుంది.

గజపతి, రాయగడ, శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం జిల్లాల వైద్యాధికారులు ఒకసారి కూర్చుని ఈ చీటీకి ఒకే నమూనా ఖరారు చేయాలని కోరుతున్నాం.

— ప్రసూతి వార్డు స్టాఫ్ నర్సులు, పర్లాకిమిడి